మంచుబండి ముందు స్కీలు – వాని సర్దుబాటు

చక్రము లేని బండిని మలుపు త్రిప్పుట ఎట్లు? తరగతిలో ఘర్షణను గురించి చెప్పుచుండగా ఒక విద్యార్థి నన్ను ఈ ప్రశ్న అడిగెను. అతడు ఏదో చలనచిత్రములో మంచు మీద పరుగెత్తు బండిని చూచినాడట. దాని ముందు రెండు స్కీలు, వెనుక ఒక వెడల్పైన రబ్బరు పట్టా తప్ప మరేమియు లేవు. స్కీ అనునది జారుటకే చేయబడిన పలక. మంచు సహజముగనే జారుడు పదార్థము. ఈ రెండును కలిసినచోట దిక్కు మార్చుటకు పట్టు ఎక్కడ దొరకును? ప్రశ్న చక్కనిది. దీనికి సమాధానము తెలిసినచో, ఆ బండి ముందుభాగమును మిల్లీమీటర్ల లెక్కన ఎందుకు సర్దుదురో కూడ తెలియును.

మంచుబండి వినోదము కొరకు పుట్టినది కాదు. కెనడా దేశమున క్విబెక్ రాష్ట్రములోని వాల్‌కోర్ గ్రామవాసి జోసెఫ్ ఆర్మాన్ బొంబార్డియర్ (1907–1964) యంత్రములు బాగుచేయుటలో నేర్పరి. 1934 శీతకాలమున దారులన్నియు మంచుతో మూసికొనిపోగా, జబ్బుపడిన తన రెండేండ్ల కుమారుని ఆయన ఆసుపత్రికి చేర్చలేకపోయెను. బిడ్డ దక్కలేదు. మంచుపై నడచు బండ్ల కొరకు ఆయన అంతకు పూర్వమే పాటుపడుచుండెను. 1937లో పండ్లచక్రముతో తిరుగు పట్టాకు పేటెంటు పొంది, ఏడుగురు కూర్చొను బండ్లను తయారుచేసెను. స్కీ-డూ అను తేలిక బండి 1959లో వచ్చినది. నేడు ఇట్టి బండ్లు కెనడా, అలాస్కా, స్కాండినేవియా దేశములలోనే గాక సియాచిన్ హిమానీనదముపై మన సైనికుల వద్దను, అంటార్కిటికాలోని మన పరిశోధకుల వద్దను ఉన్నవి. మనవారు దానిని స్నో స్కూటర్ అందురు.

ఇక బండి ముందుభాగమును చూతము. సైకిలుకు వలె దీనికిని హాండిల్ ఉండును. దాని క్రిందనున్న నిలువు కడ్డీ తిరిగినప్పుడు, అడుగున ఒక చిన్న చేయి అటునిటు కదలును. ఆ కదలికను రెండు ప్రక్కలకు అందించు సన్నని కడ్డీలను టై రాడ్లు అందురు. ప్రతి టై రాడ్డు చివర ఒక స్కీ కాలు. ఆ కాలి అడుగున బోల్టుతో స్కీ బిగింపబడి ఉండును. కాలును చట్రమునకు కలుపు చేతులు ఒకటి పైన, ఒకటి క్రింద ఉండును. వానికి తోడుగ ఒక చుట్టల స్ప్రింగు, దాని నడుమ కుదుపును అణచు షాక్ అబ్జార్బరు ఉండును. పాతకాలపు బండ్లకు ఎద్దుబండి విల్లు వంటి పట్టీ స్ప్రింగులు మాత్రమే ఉండెడివి. 1980 ప్రాంతము నుండి ఒక్కొక్క స్కీ వేరువేరుగ పైకి క్రిందికి ఆడు ఏర్పాటు వ్యాపించినది.

విద్యార్థి ప్రశ్నకు జవాబు స్కీ అడుగున ఉన్నది. అచట పొడవున ఒక గట్టు, ఆ గట్టుకు బిగించిన ఒక ఉక్కు కడ్డీ ఉండును. ఆ కడ్డీలో కొంత భాగమున టంగ్‌స్టన్ కార్బైడ్ అంచు పొదుగబడి యుండును. ఇది మంచును నాగటి కర్రు నేలను చీల్చినట్లు చీల్చును. కర్రు చాలు వెంబడి తేలికగ పోవును గాని ప్రక్కకు నెట్టినచో మన్ను ఎదురు నిలుచును. అట్లే స్కీ పొడవున జారును, అడ్డముగ జారనొల్లదు. హాండిల్ త్రిప్పినప్పుడు మంచు ఈ గట్టును ప్రక్కకు నెట్టును. ఆ నెట్టుడే బండిని మలుపు త్రిప్పు బలము. అనగా మనము వాడుకొనునది జారుటను కాదు, ఒక దిక్కున జారకపోవుటను.

కర్రు లోతుగ దిగవలెనన్న మేడి మీద బరువు వేయవలెను గదా! స్కీ విషయమున ఆ బరువు బండిదే. కాని ఆ బరువు నిలకడగ ఉండదు. ఒక లెక్క చేసి చూడుడు. బండి, మనిషి కలిసి 300 కిలోగ్రాములు అనుకొందము. గురుత్వకేంద్రము నేలకు 0.6 మీటరు ఎత్తున ఉన్నది. స్కీలకును, పట్టా నేలనానెడు భాగపు మధ్యకును నడుమ దూరము 1.5 మీటర్లు. బండి సెకనుకు సెకనుకు 3 మీటర్ల త్వరణముతో దూకినచో ముందునుండి వెనుకకు మారు భారము 300 × 3 × 0.6 ÷ 1.5, అనగా 360 న్యూటనులు. సుమారు 37 కిలోగ్రాముల బరువు. నిలిచియున్నప్పుడు రెండు స్కీల మీద కలిసి 90 కిలోగ్రాములు ఉన్నచో, ఇప్పుడు మిగులునది 53 మాత్రమే. అందుచేత మలుపులో వేగము పెంచినవాడు హాండిల్ ఎంత త్రిప్పినను బండి నేరుగ పోవును. బ్రేకు వేసినప్పుడు ఇందుకు విరుద్ధముగ బరువు ముందుకు వచ్చి, స్కీలు లోతుగ కోయును, హాండిల్ బరువెక్కును.

ఈ బరువును సర్దుటకు సాధనములు మూడు. మొదటిది స్కీల మీది స్ప్రింగు. దానిని ముందుగనే కొంత అదిమి బిగించినచో స్కీ మంచును గట్టిగ నొక్కును; వదులుచేసినచో తేలిక యగును. రెండు ప్రక్కల బిగింపు సమానముగ ఉండవలెను. లేకున్న బండి కుడికి ఒక విధముగను, ఎడమకు మరొక విధముగను తిరుగును. రెండవది పట్టా లోపలి అమరికలో ముందుచేతికి కట్టియుండు ఒక పట్టీ. ఆ చేయి ఎంతవరకు క్రిందికి దిగవచ్చునో ఈ పట్టీ నిర్ణయించును. దానిని పొట్టి చేసినచో స్కీల మీద బరువు పెరుగును, ముందుభాగము పైకి లేచుట తగ్గును. మూడవది ఆ ముందుచేతికే ఉన్న స్ప్రింగు. దీనిని బిగించినచో పట్టా ముందుభాగము నేలను నొక్కి స్కీలను పైకి ఎత్తును. క్రొత్తవారు పొరపడునది ఇచ్చటనే: స్ప్రింగు బిగించుట అనగా ఎల్లప్పుడు స్కీకి బరువు చేర్చుటయే అని తలచెదరు. ఏ స్ప్రింగు అనునదే ముఖ్యము. మూడింటిని ఒక్కమారుగ మార్చువానికి ఏ మార్పు ఏ ఫలమిచ్చెనో ఎన్నటికిని తెలియదు. ఒకటి మార్చి, కొంతదూరము నడిపి, వ్రాసికొని, తరువాత రెండవదాని జోలికి పోవలెను. మన ప్రయోగశాలలో చెప్పు నియమము ఇదియే.

ఇక స్కీల దిక్కు. రెండు స్కీలు సరిగ సమాంతరముగ ఉండవలెనని ఎవరైనను అనుకొందురు. నిజమునకు వాని ముందు కొనలు రవ్వంత బయటికి విచ్చుకొని ఉండవలెను. చాల బండ్లకు ఈ తేడా 3 నుండి 6 మిల్లీమీటర్లు. తన బండితో వచ్చిన పుస్తకము చెప్పినదే ప్రమాణము. ఇట్లు విచ్చుకొన్నప్పుడు ఒక్కొక్క స్కీ తన ప్రక్కకు కొంచెము లాగుచుండును. ఆ లాగుడుకు కీళ్ళలోని వదులు ఒక వైపునకు చేరిపోయి టై రాడ్లు బిగువుగ నిలుచును. కొనలు లోపలికి మొగ్గినచో బండి త్రాగినవానివలె తూలును. మరీ విచ్చుకొన్నను తూలుడు తప్పదు, కార్బైడ్ అంచులు కూడ త్వరగ అరుగును.

కొలుచుటకు బండిని చదునైన నేలపై, స్ప్రింగులు సహజముగ నిలుచు ఎత్తున ఉంచవలెను. హాండిల్ నడిమికి తెచ్చి, కదలకుండ కట్టవలెను. స్కీల ముందు కొనలను ఒక సాగెడు రబ్బరు త్రాడుతో కలిపినచో కీళ్ళలోని వదులు కొలతను చెడగొట్టదు. తరువాత పట్టా ప్రక్కఅంచున ఒక నేరైన బద్దను ఆనించి ముందుకు చాచవలెను. ఆ బద్దనుండి స్కీ అడుగునున్న కార్బైడ్ కడ్డీకి దూరమును, బోల్టుకు ముందొకచోట, అంతే దూరమున వెనుకొకచోట కొలువవలెను. ప్లాస్టిక్ స్కీ అంచు వంపు తిరిగి యుండవచ్చును. కొలత కడ్డీనుండియే తీయవలెను. ఒక్కొక్క ప్రక్క మొత్తము తేడాలో సగము రావలెను. ఒక స్కీ నేరుగను, రెండవది రెట్టింపుగ విచ్చుకొనియు ఉన్నచో, మొత్తము సరిపోయినను హాండిల్ వంకరగ నిలుచును.

తేడా సరిదిద్దుట టై రాడ్డు పొడవును మార్చుటచే జరుగును. చాల బండ్లలో దాని ఒక చివర కుడి మర, రెండవ చివర ఎడమ మర ఉండుటచే, లాక్ నట్లు వదులుచేసి కడ్డీని త్రిప్పినంతనే అది పొడుగగును, లేదా పొట్టియగును. కాని రెండు చివరల మర సమానముగ లోపల ఉండవలెను. ఒక చివర నాలుగైదు చుట్టలే మిగిలినచో ఏదో ఒక కుదుపులో కడ్డీ ఊడివచ్చును. అట్లు ఊడినప్పుడు ఒక స్కీకి హాండిల్‌తో సంబంధమే ఉండదు. ఎదుట చెట్టున్నను, నెరియ విచ్చిన మంచున్నను నడుపువాడు చేయగలిగినది బ్రేకు వేయుట మాత్రమే. పని ముగిసిన పిమ్మట లాక్ నట్లు బిగింపబడినవా అని రెండుసార్లు చూచుట ఛాదస్తము కాదు.

అన్నియు సరిగ ఉన్నను కొన్ని బండ్లు ముందు పోయిన బండ్ల గాడులలోనికి చటుక్కున లాగుకొనిపోవుచుండును. దీనికి కారణము ఒక్కటి కాదు. అరిగిన అంచు, స్కీ ముక్కు మీద అధికమైన ఒత్తిడి, వదులైన కీళ్ళు – ఏదైనను కావచ్చును. సైకిలు ముందుచక్రము నేలనంటు బిందువు హాండిల్ ఇరుసు గీతకు కొంచెము వెనుక ఉండుటచే చక్రము తనంతట తాను నేరుగ నిలుచును. స్కీ విషయమును అంతే: ఒత్తిడి ముక్కు మీద గాక మడమ వైపున పడినచో స్కీ బుద్ధిగ వెంబడించును. స్కీకిని కాలికిని నడుమ ఉండు రబ్బరు దిమ్మె నలిగిపోయినచో ఈ ఒత్తిడి స్థానము తప్పును. అందుచేత దిమ్మెను అప్పుడప్పుడు మార్చవలెను.

మంచుకాలము రాకముందే చూడవలసిన కొన్ని పనులు గలవు. జాకీతో ముందుభాగమును ఎత్తి, స్కీ కొనను పట్టుకొని అటునిటు, పైకి క్రిందికి ఊపవలెను. టక్కుమను శబ్దము వచ్చినచో ఒకరు ఊపుచుండగా మరొకరు ఒక్కొక్క కీలు మీద వ్రేలుంచినచో దోషమున్నచోట అదురు తెలియును. గ్రీజు చలిలో గడ్డకట్టని జాతిది కావలెను. క్రొత్త గ్రీజు ఎక్కించుట కేవలము నునుపు కొరకు కాదు; లోపల చేరిన నీటిని బయటికి నెట్టుట కొరకు కూడ. ఆ నీరు మిగిలిపోయినచో గడ్డకట్టి వ్యాకోచించును, కీలు బిగుసుకొనును. షాక్ అబ్జార్బరు నుండి నూనె కారుచున్నచో దానిని ఇంటిలో విప్పరాదు. కొన్నింటిలో నైట్రోజన్ వాయువు అధిక పీడనమున ఉండును. మొద్దుకు తగిలి వంగిన చేతిని కాల్చి సాగగొట్టుట మన కమ్మరి పనికి అలవాటే గాని ఇచ్చట పనికిరాదు. కాల్చిన ఉక్కు తన బలమును కోల్పోవచ్చును. దానిని మార్చవలసినదే. ఒకసారి విప్పిన చీలిక పిన్నును మరల వాడరాదు.

సర్దుబాటు ముగిసిన బండిని ముందు చదునైన, జనము లేని మంచుమీద నెమ్మదిగ నడిపి, హాండిల్‌ను రెండు వైపుల చివరవరకు త్రిప్పి, ఏ కడ్డీ అయినను దేనికైన తగులుచున్నదేమో చూతురు. పిదప ఇంజను ఆపి లాక్ నట్లను మరల ఒకసారి స్పానరుతో తాకి చూతురు.