ఆక్టేన్ పెరిగింది, మైలేజీ తగ్గింది

బంకులో ఇప్పుడు దొరికేది ఒట్టి పెట్రోలు కాదు. లీటరులో ఐదో వంతు దాకా ఇథనాల్ (చెరకు మడ్డి, నూకలు, మొక్కజొన్న వంటివి పులియబెట్టి తీసే ఆల్కహాల్) ఉంటోంది. దాన్నే ఈ20 అంటున్నారు. దీని మీద రెండు మాటలు వినబడుతున్నాయి. ఆక్టేన్ పెరిగింది, ఇంజిన్‌కు మంచిదని ప్రభుత్వం చెబుతోంది. మైలేజీ పడిపోయిందని బండి నడిపేవాళ్లు అంటున్నారు. రెండూ నిజమే. ఒకే లీటరులో రెండూ ఎలా నిజమవుతాయో తెలియాలంటే ముందు ఆక్టేన్ సంగతి చూడాలి.

ఆక్టేన్ అంటే పెట్రోలు బలమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది పెట్రోలు ఓపిక. సిలిండర్‌లో పిస్టన్ పైకి వస్తూ గాలి, పెట్రోలు ఆవిరి కలిసిన మిశ్రమాన్ని నొక్కుతుంది. నొక్కిన కొద్దీ అది వేడెక్కుతుంది. సరైన క్షణంలో స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ వేస్తుంది. మంట ప్లగ్ దగ్గర మొదలై అవతలి గోడ వైపు పాకాలి. ఆ ఒత్తిడికి పిస్టన్ కిందికి దిగాలి. అంతవరకూ బాగానే ఉంటుంది. కానీ మంట పాకుతున్నంతసేపూ అవతలి మూలన ఇంకా మండని మిశ్రమం మరింత నలుగుతూ, మరింత వేడెక్కుతూ ఉంటుంది. మంట చేరేలోగా అది తనంత తానే భగ్గున అంటుకుంటే ఒత్తిడి తరంగాలు పుట్టి సిలిండర్ గోడలకు కొట్టుకుంటాయి. టాప్ గేరులోనే ఘాట్ రోడ్డు ఎక్కించబోతే పాత బండ్లలో వినిపించే టకటక శబ్దం అదే. మెకానిక్కులు దాన్ని నాకింగ్ అంటారు. చాలాకాలం సాగితే పిస్టన్ దెబ్బతింటుంది, హెడ్ గాస్కెట్ పోతుంది.

మంట వచ్చేదాకా అంటుకోకుండా ఆగగలిగే ఆ ఓపికకు కొలతే ఆక్టేన్ నంబరు. ఈ కొలత 1920ల్లో అమెరికాలో పుట్టింది. ఐసో-ఆక్టేన్ అనే ద్రవం నాకింగ్‌ను బాగా తట్టుకుంటుంది కాబట్టి దానికి 100 ఇచ్చారు. నార్మల్ హెప్టేన్ అసలు తట్టుకోలేదు కాబట్టి దానికి సున్నా. పరీక్షా ఇంజిన్‌లో ఒక పెట్రోలు 91 పాళ్ల ఐసో-ఆక్టేన్, 9 పాళ్ల హెప్టేన్ కలిపిన ద్రవంలా నడిచిందంటే దాని ఆక్టేన్ 91.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకు ఇక్కడ ఒక తికమక. అక్కడి మామూలు పెట్రోలు పంపు మీద 87 అని ఉంటుంది. ఇక్కడ 91 అని వింటూ వచ్చాం. అక్కడిది నాసిరకమేమీ కాదు. మన దగ్గర తేలిక పరిస్థితుల్లో జరిపే పరీక్షలో వచ్చిన అంకెను (రిసెర్చ్ ఆక్టేన్) చెబుతారు. అమెరికాలో ఆ అంకెకూ, ఇంజిన్‌ను మరింత వేగంగా, మరింత వేడి మిశ్రమంతో నడిపి తీసిన ఇంకో అంకెకూ సగటు వేస్తారు. ఆ రెండో అంకె తక్కువగా వస్తుంది. అందుకే అక్కడి 87, ఇక్కడి 91 ఇంచుమించు ఒకటే.

ఆక్టేన్ పెంచడానికి వందేళ్లుగా పెట్రోల్లో ఏదో ఒకటి కలుపుతూనే ఉన్నారు. 1921లో జనరల్ మోటార్స్ పరిశోధకుడు థామస్ మిడ్జ్‌లీ, సీసం కలిసిన ఒక రసాయనంతో నాకింగ్ ఆగుతుందని కనిపెట్టాడు. ఆల్కహాల్‌కూ ఆ గుణం ఉందని ఆ రోజుల్లోనే తెలుసు. అయినా చిటికెడుతో పని జరిపే సీసమే దశాబ్దాల పాటు రాజ్యం చేసింది. పిల్లల మెదడుకు అది విషమని తేలాక ఒక్కో దేశమూ వదిలించుకుంది. మనం 2000లో వదిలించుకున్నాం.

ఇక ఇథనాల్. దాని రిసెర్చ్ ఆక్టేన్ 108 పైమాటే. సహజంగానే దానికి ఓపిక ఎక్కువ. పైగా ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని బాగా లాగేసుకుంటుంది. అరచేతిలో శానిటైజర్ వేసుకుంటే చల్లగా తగులుతుందే, సిలిండర్‌లోకి వెళ్లే గాలికి జరిగేదీ అదే. చల్లబడిన మిశ్రమం నాకింగ్‌కు ఇంకాస్త దూరమవుతుంది. మామూలు పెట్రోలు ఆక్టేన్ ఒకప్పుడు 88 ఉండేదనీ, బీఎస్-6 కాలుష్య నిబంధనలతో 91 అయిందనీ, 20 శాతం ఇథనాల్ కలిశాక 95కు చేరిందనీ పెట్రోలియం శాఖ చెబుతోంది.

మరి మైలేజీ ఎందుకు తగ్గాలి? ఇథనాల్ అణువులో ముందే ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంది. ఇంధనం కాలడమంటే ఆక్సిజన్‌తో కలవడమే కదా. అంటే ఇథనాల్ ఒక రకంగా ట్యాంకులోకి రాకముందే కొంత కాలిపోయి వస్తోందన్నమాట. లీటరు పెట్రోల్లో సుమారు 32 మెగాజౌళ్ల (మెగాజౌల్ శక్తికి కొలమానం) శక్తి ఉంటే, లీటరు ఇథనాల్లో 21 మాత్రమే. ఈ లెక్కన పది శాతం ఇథనాల్ ఉన్న లీటరులో దాదాపు 31, ఇరవై శాతం ఉన్న లీటరులో 30కి కాస్త తక్కువ ఉంటాయి. ఈ10 నుంచి ఈ20కి మారితే లీటరులో శక్తి మూడున్నర శాతం తగ్గుతుంది. ఒట్టి పెట్రోలుతో పోలిస్తే ఏడు శాతం దాకా తగ్గుతుంది.

ఇది కొత్తగా బయటపడిన రహస్యం కాదు. 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన నివేదికలోనే ఉంది. ఈ20 వాడితే, ఒట్టి పెట్రోలు కోసం రూపొందించి ఈ10కు సర్దిన కార్లలో 6–7 శాతం, అలాంటి ద్విచక్ర వాహనాల్లో 3–4 శాతం, ఈ10 కోసం రూపొందించి ఈ20కి సర్దిన కార్లలో 1–2 శాతం మైలేజీ తగ్గవచ్చని అందులో అంచనా వేశారు. ముడిచమురు దిగుమతి బిల్లు తగ్గించాలన్నది ఇథనాల్ కలిపే పథకం వెనకున్న ప్రధాన కారణం. 20 శాతం లక్ష్యానికి మొదట పెట్టుకున్న గడువు 2030. 2022లో దాన్ని 2025-26కు ముందుకు జరిపారు. 2022 జూన్ నాటికి పది శాతం పూర్తయింది, 2025లో ఇరవై అందుకుంది. లక్ష్యం అయిదేళ్లు ముందుకొచ్చింది గానీ రోడ్ల మీది బండ్లు అంత తొందరగా మారవు. గొడవంతా ఆ ఖాళీలో పుట్టింది. ఈ20ని తట్టుకునే విడిభాగాలతో బండ్లు 2023 ఏప్రిల్ నుంచి రావడం మొదలైంది. అంతకుముందు కొన్న కోట్ల బండ్లూ ఇవాళ అదే నాజిల్ దగ్గర ఆగుతున్నాయి.

పోయిన శక్తిలో కొంత తిరిగి రాబట్టుకునే దారి ఉంది. ఆక్టేన్ ఎక్కువగా ఉంటే ఇంజిన్ తయారుచేసేవాళ్లు కంప్రెషన్ రేషియోను (పిస్టన్ మిశ్రమాన్ని ఎన్నో వంతుకు నొక్కుతుందో చెప్పే నిష్పత్తిని) పెంచవచ్చు. ఎక్కువ నొక్కిన మిశ్రమం కాలినప్పుడు ఎక్కువ వ్యాకోచించి, అదే వేడితో ఎక్కువ పని చేస్తుంది. కానీ కంప్రెషన్ ఫ్యాక్టరీలో నిర్ణయమైపోతుంది. ఆక్టేన్ పెరిగింది కదా అని మన పాత కారు పిస్టన్ ఇంకాస్త పైకి వెళ్లదు. నాక్ సెన్సార్ ఉన్న కొత్త ఇంజిన్లు నిప్పురవ్వను కొంచెం ముందుకు జరుపుకొని కొంత లాభం పొందుతాయి. మిగతావాటికి పెరిగిన ఆక్టేన్ వాడుకోని సౌకర్యమే. తగ్గిన శక్తి మాత్రం అందరి ట్యాంకులోనూ తగ్గినట్టే. ఇదే లెక్క ప్రీమియం పెట్రోలుకూ వర్తిస్తుంది. 91 చాలని కంపెనీ చెప్పిన బైకులో 100 ఆక్టేన్ పోయిస్తే దండగ. మాన్యువల్‌లోనో, ట్యాంకు మూత లోపలో ఏ అంకె రాసి ఉందో అది చాలు.

కార్బ్యురేటర్ బండ్ల సంగతి వేరు. బీఎస్-6 కాలపు బండ్లలో ఇంధనాన్ని ఇంజెక్టర్ చిమ్ముతుంది. సైలెన్సర్ దారిలో ఉన్న ఆక్సిజన్ సెన్సార్ పొగను చూసి, ఇంధనం తక్కువైతే మరికాస్త చిమ్మమని చెబుతుంది. ఇథనాల్‌కు గాలి తక్కువ చాలు, ఇంధనం ఎక్కువ కావాలి. ఆ సర్దుబాటు ఇక్కడ దానంతటదే జరిగిపోతుంది. కార్బ్యురేటర్‌కు అలాంటి కన్ను లేదు. జెట్ రంధ్రం ఎంత ఉంటే అంతే. దాంతో మిశ్రమం పలచబడుతుంది. పికప్ కాస్త మందగిస్తుంది, ఇంజిన్ కొంచెం వేడిగా నడుస్తుంది. మంచి మెకానిక్ ట్యూనింగ్‌తో దీన్ని చాలావరకు సరిచేయగలడు. అంతకన్నా నెమ్మదిగా వచ్చే ఇబ్బంది రబ్బరుది. పాతరకం రబ్బరు పైపులు, వాషర్లు ఇథనాల్‌కు ఉబ్బి, తర్వాత పగులుతాయి. సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు పెట్రోలు పైపులు ఓసారి చూడమంటే పోతుంది.

ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. కాస్త తేమైతే ఇబ్బంది లేదు, పెట్రోలుతో పాటే కాలిపోతుంది. మోతాదు మించితే ఇథనాల్ పెట్రోలును వదిలేసి నీటితో కలిసి ట్యాంకు అడుక్కి చేరుతుంది. పెట్రోలు పంపు పీల్చేది అడుగు నుంచే. పైన మిగిలిన పెట్రోలుకు ఇథనాల్ తోడు పోయింది కాబట్టి ఆక్టేన్ కూడా పడిపోతుంది. వానాకాలంలో బంకు భూగర్భ ట్యాంకులోకి నీళ్లు దిగితే జరిగేది ఇదే. ఇంట్లో నెలల తరబడి కదలని బండికీ ఇది కొంతవరకు వర్తిస్తుంది. దాన్ని సగం ట్యాంకుతో వదిలేయకుండా అప్పుడప్పుడూ నడుపుతూ ఉండటం మేలు.

డ్యాష్‌బోర్డు చూపే మైలేజీ అంచనాతో మూడు శాతం తేడాను పట్టుకోవడం కష్టం. టైర్లలో గాలి, ఏసీ, ట్రాఫిక్ అంతకన్నా ఎక్కువ తేడా తెస్తాయి. ట్యాంకు నింపి, అదే బంకులో మళ్లీ నింపేదాకా తిరిగిన కిలోమీటర్లను పోయించిన లీటర్లతో భాగించి, అలా నాలుగైదుసార్లు చేసి సగటు తీయాలి. ఈ10తో లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చిన కారు మూడున్నర శాతం నష్టపోతే వెయ్యి కిలోమీటర్లకు రెండు లీటర్లు అదనంగా తాగుతుంది. లీటరు 107 రూపాయలనుకుంటే ఇది రెండువందల పైచిలుకు. ఒక్క ఇంటికి పెద్ద మొత్తం కాదు గానీ, అడగకూడనంత చిన్నదీ కాదు.

శక్తి తగ్గినప్పుడు ధర ఎందుకు తగ్గలేదన్న ప్రశ్నకు పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో జవాబిచ్చింది. రవాణా, జీఎస్టీ కలిపి ఇథనాల్ సగటు ధర లీటరుకు 71 రూపాయల 32 పైసలు పడుతోందనీ, శుద్ధిచేసిన పెట్రోలు కన్నా ఇదే ఎక్కువనీ చెప్పింది. వాళ్ల ఖర్చు లెక్కగా అది సరే. బండివాడికి కావలసింది మాత్రం కిలోమీటరు లెక్క. బ్రెజిల్‌లో బంకుకు వెళ్లేవాళ్లకు ఈ లెక్క అలవాటే. అక్కడ ఒకే బంకులో ఇథనాల్ విడిగా, ఇథనాల్ కలిసిన పెట్రోలు విడిగా అమ్ముతారు. చాలా కార్లు రెంటితోనూ నడుస్తాయి. ఇథనాల్ ధర పెట్రోలు ధరలో 70 శాతం లోపుంటే ఇథనాల్ పోయించుకుంటారు, దాటితే పెట్రోలు. మన దేశంలో పాత బండి ఉన్నవాళ్ల కోసం ఒట్టి పెట్రోలును కూడా విడిగా అందుబాటులో ఉంచాలని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది.