ఒకే గొంతులో నలుగురు

పిల్లలూ! 1815లో వియన్నా నగరంలో ఒక కుర్ర ఉపాధ్యాయుడుండేవాడు. పేరు ఫ్రాంజ్ షూబర్ట్, వయస్సు 18 ఏళ్లు. తండ్రి నడిపే బడిలోనే పసిపిల్లలకు చదువు చెప్పేవాడు. కాని ఆ పనిమీద అతనికి మనసు లేదు. (పంతులుగా బతికిన నాకు ఈ మాట రాయటం కొంచెం కష్టమే!) అతని మనసంతా పాటలమీద. ఆ ఒక్క ఏడాదిలోనే నూటికి పైగా పాటలు కట్టాడు.

కవి రాసిన పద్యాన్ని ఒక గొంతుకూ, ఒక పియానోకూ కూర్చిన ఇటువంటి పాటను జర్మన్ భాషలో 'లీడ్' అంటారు. షూబర్ట్ కట్టిన వాటిలో 'ఎర్ల్‌కోనిగ్', అంటే భూతాల రాజు, చాలా పేరుపొందినది. పద్యం మహాకవి గోథేది.

కథ ఇది. హోరుగాలి వీచే రాత్రి ఒక తండ్రి కొడుకును పొదివి పట్టుకుని గుర్రంమీద పోతున్నాడు. కొడుకుకు భూతాల రాజు కనిపిస్తాడు. అది మంచు తెర అంటాడు తండ్రి. రాజు తనను పిలుస్తున్నాడని పిల్లవాడు చెబితే, ఎండుటాకుల చప్పుడంటాడు. తండ్రి చెడ్డవాడు కాడు. అన్నిటికీ ఆయన దగ్గర జవాబుంది. పిల్లవాడి భయం మాత్రం పోలేదు.

కథకుడు, తండ్రి, కొడుకు, భూతరాజు – ఈ నలుగురూ పాడేది ఒక్క గొంతులోనే! తండ్రివి కింది స్వరాలు, కొడుకువి పై స్వరాలు. భయం ముదిరినకొద్దీ, నాన్నను పిలిచే పిలుపు ఇంకా పైకి పోతుంది. భూతరాజు మాత్రం మొదట అరవడు. తీయగా, మెల్లగా బుజ్జగిస్తాడు. నాకు అన్నిటికన్న భయం వేసేది అక్కడే.

మరి గుర్రమో? అది పియానో. కుడిచెయ్యి ఒకే స్వరాన్ని పైదీ కిందిదీ కలిపి, మూడేసి దెబ్బలుగా గబగబా మోగిస్తుంది. బొటనవేలూ చిటికెనవేలూ చాచి బల్లమీద నాలుగు నిమిషాలు అలా కొట్టి చూడండి, చెయ్యి పడిపోతుంది! షూబర్ట్ కూడా తాను వాయించేటప్పుడు రెండేసి దెబ్బలతో సరిపెట్టుకునేవాడట.

ఇల్లు చేరగానే గుర్రపు డెక్కల చప్పుడు ఆగిపోతుంది. గాయకుడు చివరి మాటలను దాదాపు పాడకుండా, చెప్పినట్టే చెబుతాడు: తండ్రి చేతుల్లో బిడ్డ ప్రాణం లేదు. మొదటిసారి ఈ పాట వినేటప్పుడు అమ్మ పక్కనో నాన్న పక్కనో కూర్చోండి.

1816లో మిత్రులు ఈ పాటను గోథేకు పంపారు. ఒక్క ముక్క జవాబైనా లేకుండా తిరిగి వచ్చింది. 1821లో అచ్చయి, వియన్నాలో మారుమోగిపోయింది. 1830లో ఒక గొప్ప గాయని తన ఎదుట పాడగా విని, ముసలి గోథే మనసారా మెచ్చుకున్నాడు. అప్పటికి షూబర్ట్ చనిపోయి దాదాపు ఏడాదిన్నర అయింది. బతికినది 31 ఏళ్లే.