ప్రయోగం ఎవరి మీద, ఎవరి కోసం?

సాహిత్యంలో ప్రయోగం అంటే మనకు గౌరవం. పసిపిల్లల మీద ప్రయోగం అంటే ఒళ్ళు జలదరిస్తుంది. టీకా పరీక్ష కథావస్తువైతే మన రచయితలకు ఈ రెండో అర్థమే చాలు: సూది పట్టినవాడు దుర్మార్గుడు, తల్లి అమాయకురాలు, కథ ముగిసింది. ఆ భయం నిరాధారమని అనను. 1996లో నైజీరియాలోని కానోలో మెనింజైటిస్ చెలరేగినప్పుడు ఫైజర్ కంపెనీ ట్రోవాన్ అనే కొత్త మందును సుమారు 200 మంది పిల్లలతో జరిపిన పోలిక పరీక్షలో వాడింది. 11 మంది చనిపోయారు. తమకేమీ చెప్పలేదని తల్లిదండ్రులన్నారు. చంపింది జబ్బే, మందు కాదని కంపెనీ వాదించింది. 2009లో రాజీ కుదిరింది. అయితే అది మందు. టీకా కథ వేరు.

మెనింజైటిస్ అంటే మెదడునూ వెన్నుపామునూ కప్పివుండే పొరల వాపు. సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా సాగే పట్టీలో 1996-97లో సుమారు 2,50,000 మందికి ఈ జబ్బు సోకింది, 25,000 మంది పోయారు. అప్పటికే ఒక టీకా ఉన్నది, క్రిమి ఒంటిమీది చక్కెర పొరతో చేసినది. పెద్దలకు కొన్నేళ్ళు పనిచేస్తుంది. రెండేళ్ళలోపు బిడ్డ శరీరం మాత్రం ఆ చక్కెరను సరిగా పట్టించుకోదు, పట్టించుకున్నా జ్ఞాపకం పెట్టుకోదు. చక్కెరను ధనుర్వాతపు టీకా ప్రోటీనుకు అతికిస్తే ఆ లోపం తీరుతుంది. ఉపాయం తెలిసి కూడా ఆఫ్రికాను పీడించే ‘ఎ’ రకానికి అలాంటి టీకా మార్కెట్టులోకి రాలేదు. కారణం శాస్త్రంలో లేదు, కొనేవాడి జేబులో ఉన్నది.

2001లో పాత్ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఈ పని చేపట్టాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది (ఆ దాతృత్వం మీద నా అనుమానాలు మరో వ్యాసానికి). మోతాదు అర డాలరు దాటితే కొనలేమని ఆఫ్రికా అధికారులు ముందే చెప్పారు. ఆ ధరకు తయారుచేసింది పుణేలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్.

2005లో మొదటి పరీక్ష మన దేశంలో, పెద్దవాళ్ళ మీద. తరువాతనే, 2006లో, మాలీ, గాంబియాలలో 12-23 నెలల పిల్లలు సుమారు 600 మంది. చీటీలు తీసినట్టు మూడు జట్లు చేశారు: ఒకదానికి కొత్త టీకా, ఒకదానికి పాతది, మూడోదానికి హిబ్ టీకా. ఇక్కడ రచయిత ఆగి చూడాలి. హిబ్ కూడా మెనింజైటిస్ తెచ్చే క్రిమే. పోలిక కోసం నిలబెట్టిన బిడ్డకు ఉత్తనీళ్ళు పొడవలేదు. ఆ బిడ్డా ఏదో ఒక రక్షణతోనే ఇల్లు చేరింది. ఎవరికి ఏది వేశారో తరువాత పరీక్షించేవాడికి తెలియదు. జ్వరం, వాపు, ఏడుపు అన్నీ రాసుకున్నారు. ఆపైన రక్తంలోని ద్రవాన్ని అంతకంతకూ పలుచన చేస్తూ, అందులో క్రిములను వదిలి, ఎక్కడిదాకా చంపగలుగుతుందో చూశారు. పిల్లలు జబ్బుపడేదాకా కాచుకుని కూర్చోనక్కరలేకపోయింది.

గాజుగొట్టంలో గెలిచింది ఊళ్ళో గెలుస్తుందా? 2010 డిసెంబరులో బర్కినా ఫాసోలో సామూహికంగా టీకాలు మొదలయ్యాయి. 2012లో చాద్‌లో టీకా వేసిన ప్రాంతాల్లో, వేయని వాటికన్నా జబ్బు 94 శాతం తక్కువ కనిపించింది. ఆరోగ్యవంతుల గొంతుల్లో దాగే క్రిమి కూడా దాదాపు మాయమైంది. అప్పటికి ఏడాదిలోపు పసికందులకు ఈ టీకా లేదు. వాళ్ళ మీద విడిగా పరీక్షలు జరిగాకే సగం మోతాదుకు ఆమోదం వచ్చింది.

2017 తరువాత ఆ పట్టీలో ‘ఎ’ రకం ఒక్కటీ నిర్ధారణ కాలేదు. సి, డబ్ల్యు, ఎక్స్ రకాలు మిగిలాయి. ఐదు రకాలకు కలిపి అదే పుణే సంస్థ చేసిన కొత్త టీకాను 2024లో మొట్టమొదట వేయించుకున్న దేశం నైజీరియా.