డయాలసిస్ రోగులలో మానసిక కుంగుబాటు: గుర్తింపు, చికిత్స

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడిమామిడి తోటలపై ఆధారపడిన గ్రామాలను దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి కొన్ని దశాబ్దాలుగా పీడిస్తున్న సంగతి విదితమే. తాగునీటిపై, రక్తపరీక్షలపై, డయాలసిస్ పడకలపై ఎంతో చర్చ జరిగింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఈ రోగులను వెన్నాడే మానసిక కుంగుబాటుపై జరిగిన చర్చ మాత్రం స్వల్పమే.

మూత్రపిండాలు పూర్తిగా విఫలమైన వ్యక్తికి సాధారణంగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ సుమారు 4 గంటల పాటు డయాలసిస్ అవసరమవుతుంది. రానుపోను ప్రయాణం, అనంతరం కలిగే నీరసం లెక్కించినచో ఆ మూడు రోజులూ పనికి దూరమైనట్లే. తాగే నీటికి సైతం కొలత ఉంటుంది. నిన్నటి వరకు కూలికి వెళ్లి కుటుంబాన్ని పోషించిన మనిషి నేడు ఆసుపత్రికి తోడు వెతుక్కోవలసి వస్తున్నది. డయాలసిస్ పొందుతున్న ప్రతి నలుగురైదుగురిలో ఒకరు కుంగుబాటుకు లోనవుతున్నట్లు వివిధ దేశాల అధ్యయనాలు తెలుపుతున్నాయి.

దీనిని గుర్తించుట సులభం కాదు. అలసట, ఆకలి మందగించుట, నిద్రలేమి మూత్రపిండాల వ్యాధికీ, కుంగుబాటుకూ ఉమ్మడి లక్షణాలు. కావున వైద్యులు తొలుత రెండు ప్రశ్నలు వేస్తారు: గడచిన రెండు వారాలలో ఏ పనిపైనా ఆసక్తి లేకుండా పోయినదా? దిగులుగా, నిరాశగా అనిపించినదా? అవునన్నచో తొమ్మిది ప్రశ్నల పట్టికతో పరిశీలన కొనసాగుతుంది. డయాలసిస్‌కు తరచు గైర్హాజరగుట, "ఇంటికి నేను భారమయ్యాను" అనుట వంటివి తేలికగా తీసుకోదగినవి కావు. డయాలసిస్ మానివేసినచో ప్రాణాపాయం రోజులలోనే ముంచుకురావచ్చును.

"అంత జబ్బు వచ్చినవారు దిగులు పడరా?" అని బంధువులు, ఒక్కోసారి వైద్య సిబ్బంది కూడా సరిపెట్టుకోవడం పరిపాటి. దిగులు సహజమే. వారాల తరబడి వీడనప్పుడు అది చికిత్స చేయదగిన వ్యాధి. మానసిక చికిత్సతోపాటు అవసరమైనచో మందులు ఇస్తారు. వీటి ఫలితం కనిపించుటకు కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మానరాదు. కొన్ని మందుల మోతాదును మూత్రపిండాల స్థితిని బట్టి మార్చవలసి ఉంటుంది గనుక డయాలసిస్ విషయం మానసిక వైద్యునికి తప్పక తెలుపవలెను.

ఈ విషయంలో డయాలసిస్ విభాగపు నర్సుల పాత్ర కీలకం. రోగిని వారానికి మూడుసార్లు గంటల తరబడి చూసే అవకాశం మరెవరికీ లేదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవలు 14416 నంబరుపై ఉచితంగా 24 గంటలూ, తెలుగులోనూ లభిస్తున్నాయి. ఈ నంబరును డయాలసిస్ పడకల వద్ద ప్రదర్శించుట ఖర్చులేని పని.

మానసిక వ్యాధిగ్రస్తులకు శారీరక వ్యాధిగ్రస్తులతో సమానంగా వైద్యం అందవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిర్దేశిస్తున్నది. మానసిక వైద్య సంస్థలో చికిత్స పొందుతున్న వ్యక్తి ఫొటోను గాని, వివరాలను గాని అతని సమ్మతి లేనిదే మీడియాకు వెల్లడించరాదని అదే చట్టంలోని 24వ సెక్షన్ పేర్కొంటున్నది. ఉద్దానం వంటి ప్రాంతాల నుండి వార్తలు పంపే పాత్రికేయులు దీనిని గమనించవలసి ఉన్నది.