వీడియో సంపీడనం

వీడియో సంపీడనం అనగా డిజిటల్ రూపంలోనున్న కదిలే చిత్రాల సమాచారాన్ని, చూచేవారికి తేడా అంతగా తెలియని విధంగా, తక్కువ పరిమాణంలోనికి కుదించే ప్రక్రియ. దీనినే వీడియో కంప్రెషన్ అని కూడా వ్యవహరిస్తారు. కుదించి, తిరిగి విప్పే పద్ధతిని లేదా ప్రోగ్రామును కోడెక్ అంటారు. అంతర్జాలంలో వీడియోలు చూడగలగడానికి ఈ ప్రక్రియే ఆధారం. ఏ కోడెక్‌ను వాడాలన్నది సాంకేతిక విషయం మాత్రమే కాదు. దానిపై హక్కులు ఎవరివన్న ప్రశ్నతో కూడా ముడిపడి ఉంది.

ఆవశ్యకత

అడ్డంగా 1920, నిలువుగా 1080 బిందువులు గల ఒక చిత్రంలో మొత్తం 20,73,600 బిందువులు ఉంటాయి. ఒక్కొక్క బిందువు రంగును తెలుపడానికి 3 బైట్లు కావాలి. అనగా ఒక చిత్రానికి 62,20,800 బైట్లు. సినిమాలో సెకనుకు 24 చిత్రాలు వస్తాయి. ఈ లెక్కన రెండున్నర గంటల సినిమా సుమారు 1,344 గిగాబైట్లు అవుతుంది. దానిని భద్రపరచడానికి 4.7 గిగాబైట్ల డీవీడీలు 286 కావాలి. అదే సినిమాను సెకనుకు 50 లక్షల బిట్ల చొప్పున కుదించినట్లయితే 5.6 గిగాబైట్లు సరిపోతాయి. అనగా పరిమాణం సుమారు 240వ వంతుకు తగ్గుతుంది.

పనిచేయు విధానం

వీడియోలో పునరుక్తి చాలా ఎక్కువ. వార్తలు చదివే వ్యక్తి వెనుకనున్న గోడ ఒక చిత్రం నుండి మరొక చిత్రానికి మారదు. అందువలన కోడెక్ అప్పుడప్పుడు మాత్రమే ఒక పూర్తి చిత్రాన్ని భద్రపరచి, మిగిలినవాటిలో మార్పులను మాత్రమే నమోదు చేస్తుంది. చిత్రాన్ని చిన్న చిన్న గళ్ళుగా విభజించి, ప్రతి గడీ ఎటువైపు ఎంత జరిగిందో గుర్తిస్తుంది. రైలు కదులుతున్న దృశ్యంలో రైలును మరల మరల చిత్రించనవసరం లేదు. ఎంత దూరం జరిగిందో చెబితే చాలును.

మానవ నేత్రం వెలుగునీడలను గుర్తించినంత సూక్ష్మంగా రంగుల తేడాలను గుర్తించలేదు. కావున రంగుల సమాచారాన్ని తక్కువ బిందువులకే భద్రపరుస్తారు. తరువాత డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ వంటి గణిత ప్రక్రియతో ప్రతి గడిలోని స్థూల, సూక్ష్మ వివరాలను వేరుచేసి, కంటికి ఆనని సూక్ష్మ వివరాలను తొలగిస్తారు. చివరగా, తరచుగా వచ్చే విలువలకు చిన్న సంకేతాలను కేటాయిస్తారు. మోర్స్ టెలిగ్రాఫు భాషలో ఎక్కువగా వాడే 'ఇ' అక్షరానికి ఒకే చుక్క ఉండటం ఇటువంటిదే.

పై గణిత ప్రక్రియను నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు 1974లో ప్రకటించారు. నాసిర్ అహ్మద్ 1972లో దీనిపై పరిశోధనకు అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు కోరగా లభించలేదు.

పరిమితులు

ఈ విధంగా తొలగించిన వివరాలు తిరిగి రావు. కుదించిన వీడియోను మరల మరల కుదిస్తే ప్రతిసారీ నాణ్యత క్షీణిస్తుంది. వాన, సముద్రపు అలలు, బాణసంచా వంటి దృశ్యాలలో ప్రతి క్షణం మార్పు ఉంటుంది కనుక వాటిని కుదించడం కష్టం. బిట్లు చాలనప్పుడు తెరపై గళ్ళు కనిపిస్తాయి. అందుచేత ముఖ్యమైన వీడియోల మూలప్రతిని భద్రపరచుకొని, ప్రతులను మాత్రమే కుదించడం మంచిది.

కోడెక్, కంటెయినర్

ఎంపీ4, వెబ్‌ఎమ్ అనేవి కోడెక్‌లు కావు. ఇవి కుదించిన చిత్రాలను, ధ్వనిని, ఉపశీర్షికలను కలిపి ఉంచే పెట్టెల వంటివి. వీటిని కంటెయినర్లు అంటారు. ఒకే ఎంపీ4 పెట్టెలో వేర్వేరు కోడెక్‌లతో తయారైన వీడియో ఉండవచ్చు. పేరు చివర ఎంపీ4 అని ఉన్నా కొన్ని ఫైళ్ళు కొన్ని పరికరాలలో ఆడకపోవడానికి ఇదొక కారణం.

ప్రమాణాల చరిత్ర

* 1988 - హెచ్.261. ఐఎస్‌డీఎన్ టెలిఫోను మార్గాలపై దృశ్య సంభాషణకు ఉద్దేశించినది.
* 1993 - ఎంపెగ్-1. వీడియో సీడీలలో వాడబడింది.
* 1995 - ఎంపెగ్-2. డీవీడీలకు, డిజిటల్ టెలివిజన్‌కు ఆధారమైనది.
* 2003 - హెచ్.264. అంతర్జాలంలో అత్యంత విస్తృతంగా వ్యాపించినది.
* 2013 - హెచ్.265, వీపీ9.
* 2018 - ఏవీ1.
* 2020 - హెచ్.266.

పేటెంట్లు, స్వేచ్ఛా ప్రమాణాలు

హెచ్.264లో అనేక సంస్థల పేటెంట్లు ఇమిడి ఉన్నాయి. ప్రేక్షకులకు ఉచితంగా లభించే అంతర్జాల వీడియోలపై రుసుము వసూలు చేయబోమని వాటి లైసెన్సులను నిర్వహించిన ఎంపెగ్ ఎల్ఏ 2010లో ప్రకటించింది. కాని కోడెక్‌ను తమ ఉత్పత్తులలో పొందుపరచే సంస్థలకు ఈ మినహాయింపు వర్తించలేదు. హెచ్.265 విషయంలో పేటెంట్లు ఒకటికి మించిన లైసెన్సు కూటముల చేతిలో ఉండటంతో చిక్కులు పెరిగాయి.

దీనికి ప్రత్యామ్నాయంగా స్వేచ్ఛా ప్రమాణాలు వచ్చాయి. థియోరా 1.0 రూపం 2008లో వెలువడింది. ఆన్2 సంస్థను కొనుగోలు చేసిన గూగుల్ 2010లో వీపీ8ను అందరికీ ఉచితంగా విడుదల చేసింది. 2015లో పలు సంస్థలు కలిసి స్థాపించిన అలయన్స్ ఫర్ ఓపెన్ మీడియా ఏవీ1ను రూపొందించింది. అయితే ఇందులోనూ పేటెంట్లు ఉన్నాయంటూ సిస్వెల్ సంస్థ 2019లో లైసెన్సు కార్యక్రమాన్ని ప్రకటించింది.

ఈ వివాదం స్వచ్ఛంద ప్రాజెక్టులను కూడా తాకింది. ఎంపీ4 వీడియోలను అనుమతించాలన్న ప్రతిపాదనను వికీమీడియా కామన్స్ సభ్యులు 2014లో చర్చించి తిరస్కరించారు. అనుమతిస్తే వీడియోలను చేర్చడం సులువవుతుందని కొందరు వాదించగా, ఎవరి అనుమతీ అవసరంలేని రూపంలోనే స్వేచ్ఛా విజ్ఞానం ఉండాలని ఇతరులు వాదించారు.

ఇవి కూడా చూడండి

* డిజిటల్ టెలివిజన్
* పేటెంటు
* స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్

వర్గం: కంప్యూటరు శాస్త్రం