పది పనులు, 36 లక్షల వరసలు

వీఎంసీ (వర్టికల్ మెషినింగ్ సెంటర్) మిషన్ మీద ఒక ఉక్కు దిమ్మె బిగించారు. దాని మీద పనులు 10. ముందు పైముఖం చదును చేయాలి. ఒక ఎం10 మర రంధ్రానికి సెంటర్ డ్రిల్, 8.5 మి.మీ. డ్రిల్, ట్యాప్. కచ్చితమైన 10 మి.మీ. రంధ్రానికి సెంటర్ డ్రిల్, 9.8 మి.మీ. డ్రిల్, రీమర్. ఒక గాడికి రఫింగ్, ఫినిషింగ్, అంచులకు చాంఫర్. నియమాలేవీ లేకపోతే ఈ పదింటినీ 36,28,800 రకాలుగా వరసపెట్టవచ్చు.

కానీ డ్రిల్ వేయనిదే ట్యాప్ దిగదు. చదును చేయడం మొదటి పని. మిగతా తొమ్మిదీ మూడేసి పనుల మూడు గొలుసులు, ఏ గొలుసులోనూ క్రమం మారదు. తొమ్మిది పనుల వరసలు 3,62,880. గొలుసుకొకసారి చొప్పున మూడుసార్లు 6తో భాగిస్తే మిగిలేవి 1,680. ఇంత కోత పెట్టింది కంప్యూటర్ కాదు, మిషన్ ముందు నిలబడేవాళ్ల అనుభవం. ఈ నియమాలను ముందు కాగితం మీద పెట్టని ప్లానింగ్‌ను నేను ప్లానింగ్ అనను.

మిగిలినవాటిలో ఏది మేలు? అలాంటి ఎం10 రంధ్రాలే ఆరు ఉన్నాయనుకోండి. ఒక్కో రంధ్రం పూర్తిచేసి తర్వాతి దానికి వెళితే టూల్ 18 సార్లు ఎక్కించాలి. ఆరింటికీ సెంటర్ డ్రిల్, ఆ తర్వాత ఆరింటికీ డ్రిల్, చివర్లో ట్యాప్ అయితే 3 సార్లు చాలు. ఒక్కో మార్పుకు 5 సెకన్లు వేసుకున్నా జాబ్‌కు 75 సెకన్లు మిగులుతాయి. వెయ్యి జాబ్‌లకు 20 గంటల 50 నిమిషాలు.

అంతకన్నా ఖరీదైనది సెట్టింగ్ మార్చడం. జాబ్ విప్పి, తిప్పి, మళ్లీ బిగించి, డయల్ పెట్టి చూసుకోవడానికి నిమిషాలు పోతాయి. పైగా బిగించిన ప్రతిసారీ కొంత తేడా వస్తుంది. అందుకే రెండు రంధ్రాల మధ్య దూరం మైక్రాన్ల కచ్చితత్వంతో కావాలంటే రెండింటినీ ఒకే సెట్టింగ్‌లో ముగించాలి.

పనులు 20 అయితే, నియమాలు లేని వరసలు 24 వేల కోట్ల కోట్లు దాటుతాయి. సెకనుకు 10 లక్షల చొప్పున చూసినా దాదాపు 77 వేల ఏళ్లు. 1962లో హెల్డ్, కార్ప్ అనే పరిశోధకులు వేరే దారి చూపారు. ఇప్పటిదాకా ఏ పనులు అయ్యాయి, చివరగా ఏది చేశాం అన్న రెండే గుర్తుంచుకుంటే చాలు, అవి ఏ క్రమంలో జరిగాయో అక్కర్లేదు. అప్పుడు లెక్కలు సుమారు 42 కోట్లు, అదే వేగంతో 7 నిమిషాల పని. ఒక పని నుంచి వెంటనే వచ్చే పనికి మారే ఖర్చును మాత్రమే కూడుతున్నప్పుడే ఇది చెల్లుతుంది.

కొత్త సాఫ్ట్‌వేర్ కొనేముందు మీ షాపులో నడుస్తున్న ఒక ప్రోగ్రాం తీయండి. టూల్ ఎన్నిసార్లు మారుతోందో, జాబ్‌ను ఎన్నిసార్లు విప్పి బిగిస్తున్నారో లెక్కపెట్టండి.