ఎండకు ఎండి వానకు తడిసిన ఇంజన్

మెకానికల్ బ్రాంచ్ మిత్రులు ముందే క్షమించాలి, ఒక సీఎస్‌ఈ వాడు మీ సబ్జెక్టులో వేలు పెడుతున్నాడు. ఏం చేయను, పోయిన సెమిస్టర్ సెలవుల్లో నేను కీబోర్డు కంటే ఎక్కువ పట్టుకున్నది స్పానరే.

మా మావయ్యది పర్చూరు దగ్గర పల్లెటూరు. (2022 నుంచి అది బాపట్ల జిల్లా. మా ఇంట్లో మాత్రం ఇంకా ప్రకాశమే.) ఆయనకి పసుపు ప్లేటు మారుతి ఓమ్ని ఉంది. మిరపకోతల సీజన్లో కూలీలను చేలకు తిప్పుతాడు. రేడియేటర్ గొట్టం పగిలి, నీళ్లు లేకుండా నడిచి, ఆ బండి ఇంజన్ పట్టేసింది. జనవరికల్లా బండి రోడ్డెక్కకపోతే ఆ ఏడాది సంపాదన పోయినట్టే. గుంటూరు ఆటోనగర్‌లో రీకండిషన్ ఇంజన్‌కి 28,000 చెప్పారు. పక్క ఊళ్లో ఒకాయన దొడ్లో పత్తికట్టె వామి పక్కన ఇంకో ఓమ్ని ఇంజన్ పడుంది, 6,000కి ఇస్తానన్నాడు. రెండు వానాకాలాలు ఆరుబయటే ఉందది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటి వాన కూడా దాని మీదే పడింది.

కొనొచ్చా, వద్దా? దీనికి జవాబు ఇంజన్ పైకి ఎలా కనిపిస్తుందన్నదాంట్లో లేదు. నీళ్లు ఏ దారిన లోపలికి వెళ్లాయి, ఎంతకాలం నిలబడ్డాయి అన్నదాంట్లో ఉంది.

ఓమ్నిలో, మారుతి 800లో ఉన్నది ఒకే కుటుంబం ఇంజన్. మూడు సిలిండర్లు, 796 సీసీ. మారుతి 800 తయారీ 2014లో ఆగింది, ఓమ్ని 2019లో ఆగింది. అయినా పిస్టన్లు, రింగులు, గాస్కెట్లు ఇప్పటికీ దొరుకుతాయి. పాత ఇంజన్ కొనేముందు ఇది చూసుకోవాలి. స్పేర్లు దొరకని ఇంజన్ ఎంత చవగ్గా వచ్చినా తుక్కే. దీని బ్లాకు పోత ఇనుము, పైన హెడ్ అల్యూమినియం. ఇనుము తుప్పు పడుతుంది. అల్యూమినియం తెల్లటి పొడి కక్కుతుంది. పిస్టన్ కూడా అల్యూమినియమే, దాని చుట్టూ ఉండే రింగులు మాత్రం ఇనుము జాతి. పేచీ అంతా అక్కడే. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు తీసుకుంటుంది. రింగుకీ సిలిండర్ గోడకీ మధ్య సందు ఎంతనీ! అందులో తుప్పు ఉబ్బితే పిస్టన్ కదలమన్నా కదలదు.

అమ్మిన పెద్దాయన "పట్టా కప్పే ఉంచానయ్యా" అన్నాడు. నిజమే, మిరపకాయలు ఆరబోసే పాత పట్టా కప్పాడు. కానీ ఇంజన్ పెట్టింది నేరుగా నల్లరేగడి మీద. ఆ మట్టి వాన నీళ్లు పీల్చుకుని వారాల తరబడి వదలదు. పగటి ఎండకి నేలలోంచి లేచే ఆవిరి పట్టా కింద నుంచి బయటికి పోలేదు. రాత్రంతా చల్లబడిన ఇనుప దిమ్మ పొద్దున్నే తొందరగా వేడెక్కదు, చుట్టూ ఉన్న తేమ గాలి మాత్రం వేడెక్కుతుంది. ఆ గాలి చల్లటి ఇనుముకి తగిలి చెమటలా నీళ్లు దిగుతాయి. వాన లేని రోజు కూడా ఇంజన్ తడుస్తూనే ఉందన్నమాట. గట్టిగా చుట్టిన పట్టా కంటే కింద రెండు చెక్క దుంగలు, పైన గాలాడే రేకు చాలా మేలు. ఇంకో సంగతి, ఎరువుల బస్తాల పక్కన అసలు పెట్టకండి. ఎర్ర పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్. ఆ క్లోరైడ్ తుప్పుకి మంటకి కిరసనాయిలు లాంటిది.

మూడు సిలిండర్లూ ఒకేలా పాడవ్వవు. ఇంజన్ ఆగిపోయిన క్షణంలో ఏ సిలిండర్ వాల్వులు మూసుకుని ఉన్నాయో అది దాదాపు సీలు వేసిన డబ్బా. వాల్వు తెరుచుకుని ఉన్నది మాత్రం తలుపు తీసిన ఇల్లు. కార్బురేటర్, సైలెన్సర్ మానిఫోల్డ్ ఊడదీసి రంధ్రాలకి గుడ్డముక్క కూడా కుక్కకపోతే తేమ నేరుగా అందులోకే. కందిరీగలు మట్టిగూళ్లు కట్టేదీ అక్కడే.

డబ్బులివ్వకముందు దొడ్లో నిలబడే మేం కొన్ని చూశాం. ఆయిల్ డిప్‌స్టిక్ తీస్తే నల్లగానే ఉంది. పాలు కలిసిన టీ రంగులో ఉంటే ఆయిల్లో నీళ్లు కలిశాయని. తర్వాత అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టుని కొంచెం వదులు చేశాం. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి ఉంటే ముందు అవే కారాలి. మాకు రెండు మూడు చుక్కలు వచ్చి ఆయిల్ మొదలైంది. ఓ గ్లాసుడు వచ్చి ఉంటే వెనక్కి వచ్చేసేవాళ్లం, ఎందుకంటే అప్పుడు క్రాంక్ బేరింగుల మీద కూడా ఆశ పెట్టుకోనక్కర్లేదు. ఆ తర్వాత ప్లగ్గులు మూడూ విప్పి, ఫోన్‌కి తగిలించే సన్న తీగ కెమెరా లోపలికి దించాను. (ఈ మొత్తం వ్యవహారంలో నా బ్రాంచ్ పనికొచ్చింది ఇక్కడొక్కచోటే.) ఒకటి, రెండు సిలిండర్ల గోడలు బూడిద రంగులో మెరుస్తున్నాయి. మూడోదాంట్లో గోడ చుట్టూ నారింజ రంగు పట్టీ.

యూట్యూబ్‌లో చూసే విదేశీ వీడియోలన్నీ బ్లాకు పగిలిందేమో చూడమని భయపెడతాయి. అక్కడ లోపల మిగిలిన నీళ్లు గడ్డకట్టి వ్యాకోచించి ఇనుముని చీలుస్తాయి. మన దగ్గర ఆ గొడవ లేదు. మన ఇంజన్లకి వచ్చే రోగం వేరు, బోరు నీళ్లు పోసి నడిపిన బండ్లలో నీటి దారులు ఉప్పు, తుప్పు గారతో మూసుకుపోతాయి. నీటి గొట్టం మూతి దగ్గర వేలు పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

బేరం 5,500కి తెగింది. ఇంటికి తెచ్చిన రోజే మావయ్య క్రాంక్ పుల్లీ బోల్టుకి పొడుగు పైపు తగిలించి తిప్పబోయాడు. మేస్త్రి గట్టిగా ఆపాడు. "తిరగలేదని బలం పెడితే రింగు విరుగుద్ది. విరిగిన ముక్క గోడని గీరేసుద్ది. ఓ వారం ఆగండి" అన్నాడు. సెల్ఫ్ మోటార్‌తో తిప్పడం ఇంకా ప్రమాదం, చేతికి తెలిసే బిగువు దానికి తెలియదు.

ఆ వారం ఏం చేశామంటే, ప్లగ్ రంధ్రాల్లోంచి గేర్ ఆయిల్ రకం పల్చటి ఆయిల్, డీజిల్ సగం సగం కలిపి ఒక్కో సిలిండర్లో టీ కప్పుడు పోశాం. కొందరు ఆటోమేటిక్ గేర్ ఆయిల్లో ఎసిటోన్ కలుపుతారు, అది ఇంకా బాగా దిగుతుంది కానీ ఇట్టే అంటుకుంటుంది, ఇంట్లో వద్దు. రోజూ పొద్దున చూస్తే ఒకటి, రెండులో మట్టం కొద్దికొద్దిగా తగ్గుతోంది, అంటే రింగుల పక్క నుంచి కిందికి దిగుతోంది. మూడోదాంట్లో నాలుగు రోజులు మట్టం అలాగే ఉంది. ఐదో రోజు తగ్గింది. ఆరో రోజు మామూలు స్పానర్‌తో అటు కొంచెం, ఇటు కొంచెం ఊపితే గోరంత కదిలింది. అక్కణ్ణించి పూర్తి చుట్టు తిరగడానికి ఇంకో పూట పట్టింది. తిప్పేముందు పై మూత తీసి వాల్వులన్నీ లేచి పడుతున్నాయో లేదో చూడాలి. వాల్వు కాడ గైడులో తుప్పుపట్టి ఇరుక్కుంటే తిప్పడంలోనే వంగిపోతుంది. టైమింగ్ బెల్టు రబ్బరుది, ఎండకి పగుళ్లిచ్చింది, దాన్ని ఆలోచించకుండా మార్చేశాం.

ఇంజన్ తిరిగింది కదా అని మావయ్య స్వీట్లు తెచ్చాడు. తిరగడం వేరు, గాలిని నొక్కి పట్టడం వేరు. పోసిన ఆయిలంతా బయటికి పోయేదాకా తిప్పి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, కంప్రెషన్ గేజ్ పెట్టాం. ఒకటి, రెండులో 11 కిలోలు, మూడోదాంట్లో 7. (గోడలకి ఆయిల్ మిగిలి ఉంటే గేజ్ అబద్ధం చెబుతుంది, ఎక్కువ చూపిస్తుంది.) అదే కిటుకుని తిరగేసి వాడొచ్చు. మూడోదాంట్లో కావాలనే ఓ చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 9కి పెరిగింది. గాలి రింగుల పక్క నుంచి పోతోందని అర్థం. పెరగకపోయి ఉంటే తప్పు వాల్వులది. తెలియని ఫంక్షన్‌కి ఒక ఇన్‌పుట్ మార్చి అవుట్‌పుట్ చూడటమే ఇది.

హెడ్ దించి మూడో గోడ మీద గోరు గీస్తే గుంటలు తగిలాయి. పై రంగు మాత్రమే అయితే సన్న పేపరుతో రుద్దితే పోయేది. గోటికి తగిలే గుంటకి బోరింగే మందు. గుంటూరులో బోరింగ్ చేయించాం. ఒక్కటే పెద్దది చేస్తే బరువు, తోపు తేడా వస్తాయి కాబట్టి మూడూ 0.50 మిల్లీమీటర్లు పెంచాల్సి వచ్చింది. 68.5 ఉన్న వ్యాసం 69 అయింది, స్ట్రోక్ 72. లెక్కేసుకోండి, 796 సీసీ ఇప్పుడు సుమారు 808. మావయ్య దీన్ని ఊళ్లో అందరికీ చెప్పుకుంటున్నాడు.

విడి ఇనుప బ్రాకెట్లు, బోల్టులు అమ్మమ్మ బాధ్యత తీసుకుంది. ఇత్తడి బిందెలకి వాడే చింతపండు రసంలో ఒక రాత్రి నానబెట్టి, తోమి, సోడా నీళ్లలో కడిగి, వెంటనే ఆయిల్ రాసింది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం తుప్పుని కరిగిస్తుంది. సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, హెడ్‌కి మాత్రం ఈ వైద్యం చేయకూడదు.

మొత్తం ఖర్చు ఇంజన్‌తో కలిపి 21,000 దాటింది. మిగిలింది ఏడు వేల లోపే, అదీ మేస్త్రి తెలిసినవాడు కాబట్టి, నా కూలి సున్నా కాబట్టి. రెండో సిలిండర్ గోడ కూడా పోయి ఉన్నా, క్రాంక్‌కి తుప్పు పట్టి ఉన్నా, ఆటోనగర్ ఇంజనే చవక. చవక ఇంజన్‌కి అసలు ధర దాన్ని విప్పాకే తెలుస్తుంది, అందుకే నేనైతే 6,000 అడిగినచోట 3,000 నుంచి బేరం మొదలుపెట్టమంటాను.

కాగితాల పని మర్చిపోకండి. ఆర్‌సీలో ఇంజన్ నంబరు ఉంటుంది. ఇంజన్ మారిస్తే రవాణా శాఖకి తెలిపి కొత్త నంబరు ఎక్కించుకోవాలి. అమ్మినవాళ్ల దగ్గర రాతపూర్వక రసీదు, పాత బండి ఆర్‌సీ నకలు తీసుకోండి, బ్లాకు మీద చెక్కిన నంబరుతో అక్కడే పోల్చుకోండి. దొంగ బండి ఇంజన్ అయితే తుప్పు కంటే పెద్ద తలనొప్పి. మావయ్య ఆ పని సంక్రాంతి ముందే చేయించుకున్నాడు. మొదటి 500 కిలోమీటర్లు లోడు లేకుండా తిప్పి ఆయిల్ దించేశాం. అడుగున సన్నటి పొడి మెరిసింది, కొత్త రింగులు సర్దుకునేటప్పుడు వచ్చేదే. ఫిబ్రవరి మొదటి వారంలో ఎనిమిది మంది కూలీలతో బండి చేలకి వెళ్లింది.